వణుకు ఆగిన దూడ

పాప వాళ్ల నాన్నగారికి,

పాప, అత్తయ్య, నేను క్షేమం. ఓడలో మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఇంజను గదిలో ఉడికిపోతున్నానని రాశారు. ఆ వేడి కాస్త ఇటు పంపే వీలుంటే బాగుండును. ఇక్కడ తెల్లారేసరికి బకెట్లో నీళ్లు రాయిలా గడ్డకడుతున్నాయి. పాపకు దగ్గు తగ్గింది. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాం. అత్తయ్య మోకాళ్ల గురించి అడిగారు. నొప్పులు అలాగే ఉన్నాయి, ఆమె కూర్చోనూ కూర్చోదు.

నేను పనిచేసే డెయిరీలో దూడల కొట్టం కబుర్లు రాయడం మానేశావేమని కూడా అడిగారు. రాస్తే ఒళ్లు మండుతుందని మానేశాను. ఇక రాయక తప్పదు.

చలి ముదిరాక పుట్టిన దూడలు లేవలేకపోతున్నాయి. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటున్నాయి. పాలసీసా నోట్లో పెట్టినా చప్పరించే బలం ఉండదు. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. వణకడమంటే పరుగెత్తినంత పనేనట. కండలు ఆగకుండా అదిరి వేడి పుట్టిస్తాయి. తాగిన పాలన్నీ ఆ వేడికే ఖర్చయి, ఒంటికి పట్టడానికి ఏమీ మిగలదట. పాలు పెంచమంది, కింద గడ్డి మందంగా పరచమంది. పాలు కొలిచి కొలిచి పోయిస్తాడని మేమంతా చాటుగా కొలచెంబు అని పిలిచే సూపర్‌వైజరు బుద్ధిగా తలూపాడు. ఆమె బండి మలుపు తిరిగిందో లేదో, ఎండాకాలం ఎంత పోశామో ఇప్పుడూ అంతే పొయ్యమన్నాడు.

నుదుట తెల్లమచ్చ ఉన్న దూడ ఒక రోజంతా వణికింది. మర్నాడు పొద్దున వణుకు ఆగిపోయింది. ఒళ్లు తడిమితే చల్లగా తగిలింది. కొలచెంబు మాత్రం తృప్తిగా చేతులు రుద్దుకున్నాడు.

"చూశావా, చలికి అలవాటు పడింది. నువ్వు ఊరికే కంగారుపడతావు" అన్నాడు.

"అలవాటు కాదండీ, వణకడానికి ఓపిక అయిపోయింది. ఒకసారి ఒళ్లు ముట్టుకుని చూడండి" అన్నాను.

ముట్టుకోలేదు. నన్ను పాలు పొయ్యనివ్వలేదు. సాయంత్రానికి దూడ పోయింది. చలికి పోయిందని అందరితో చెప్పాడు. సగం చంపింది ఆకలి. ఆ మాట ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇప్పుడు మీకు చెప్పకుండా దాచిన సంగతి. ఆ తర్వాత ఎర్రదూడ కూడా అలాగే చల్లబడుతుంటే నేనిక ఎవరినీ అడగలేదు. అమ్మకానికి పెట్టిన క్యానులోంచి పాలు తీసి, గోరువెచ్చగా కాచి, గుక్కగుక్కగా తాగించాను. నా కోటు విప్పి కప్పాను. గోనెపట్టా పెట్టి చేతులు పడిపోయేలా రుద్దాను. కబురందుకుని అత్తయ్య వేడినీళ్ల సీసాలు సంచిలో వేసుకుని కుంటుకుంటూ వచ్చింది. "నువ్వు వెనక్కాళ్లు చూడవే, ముందరివి నేను చూస్తా" అంటూ గడ్డిలోనే చతికిలబడింది. కాసేపటికి దూడకు వణుకు తిరిగొచ్చింది. వణుకు చూసి ఏడ్చేంత సంతోషం కలుగుతుందని నాకిన్నాళ్లూ తెలియదు. చీకటి పడకముందే అది లేచి నిలబడింది.

అంతలో కొలచెంబు క్యాను చూశాడు. పాలు దొంగిలించానని యజమానితో చెప్పాడు. నన్ను కొట్టంలోంచి తీసేసి క్యానులు కడిగే పనిలో వేశారు. మీరు అంత దూరాన కూర్చుని నలిగిపోతారని గత ఉత్తరాల్లో ఈ ముక్క రాయలేదు. నన్ను కసిరినా పడతాను గానీ, కొట్టంలో ఇప్పటికీ అవే పాలు, అదే పలచటి గడ్డి. ఈ వారం ఇంకో దూడ పోయింది. గోడకివతల నేను చన్నీళ్లలో క్యానులు తోముతూ పళ్లు నూరుకుంటున్నాను.

రేపు డాక్టరమ్మను వెంటబెట్టుకుని యజమాని దగ్గరకే వెళ్తున్నాను. నా పని పోతే ఇంకో చోట వెతుక్కుంటాను. మీరు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండమని మాత్రం రాయకండి. ఈ చలిలో దూడలు అన్నాళ్లు ఆగలేవు. మంచిపని చేశావని ఒక్క ముక్క రాయండి. ఈసారికి ఉత్తరమంతా అదే అయినా నాకు చాలు.

ఇట్లు,
కోపంలో ఉన్నా మీ మీద కాదని చెబుతూ,
పాప వాళ్లమ్మ