రెడ్డెప్ప మామ వేయించుకున్న టీకా

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున పాపకు న్యుమోనియా టీకా వేయించడానికి పుంగనూరు ఆసుపత్రికి వెళ్లాను. నీ చిన్ననాటి స్నేహితుడు రెడ్డెప్ప మామ కూడా మనవడిని తీసుకొని వచ్చాడు.

నీకు దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన తన మందుల షాపులోంచి రెండు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చేవాడు. "డాక్టర్లు యాల? మా రెడ్డెప్ప ఉండాడు" అనేవాడివి. చివరికి న్యుమోనియా ముదిరి మదనపల్లెలో చేర్పిస్తే, అరకొరగా వాడిన మాత్రలకు ఆ క్రిమి రాటుదేలి, మందులకు లొంగడం లేదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు మామ నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

ఇలాంటి టీకా పెద్దవాళ్లకూ ఉంటుందా అని ఈ రోజు నర్సును అడిగాను. మామే జవాబిచ్చాడు.

"ఉండాదమ్మా. నేను మూడేండ్ల ముందే బెంగళూరులో ఏయించుకున్నా."

"మా నాయనకు యాల చెప్పలేదు మామా?"

"మీ నాయనకు నా మాత్రలతోనే బాగైపోతా ఉండె గదమ్మా!"

ఆ మాట అన్నాక ఆయన నా ముఖం చూడలేదు.

సూది నొప్పికి పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే, మామ ఎత్తుకుంటానని చేతులు చాచాడు. నువ్వయితే ఇచ్చేవాడివి నాయనా. నేను ఇవ్వలేదు.