రెండు గంటలు కాదు, ముప్పై గంటలు

మస్కట్

చెల్లి రత్నానికి,

ప్రభువు దయవల్ల నేనూ మీ బావా ఇక్కడ కులాసా. లక్ష్మీపూర్‌లో నువ్వూ, మీ అత్తగారూ, మన సునీతా ఎలా ఉన్నారు? కడుపుతో ఉన్న అమ్మికి కాళ్ళ వాపు తగ్గిందా? ఫోన్లో అడిగితే "బాగానే ఉందిలే" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. పక్కింటి నర్సమ్మ సెలవుకి వెళ్తూ విశాఖపట్నంలో పోస్టు చేస్తానంది.

మేం వచ్చి రెండు నెలలైంది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మీ బావ పని కుదురుకుంది. ఎండ ఎక్కువే, అయినా ఇల్లు చల్లగా ఉంటుంది, దిగులు పెట్టుకోకు. చోడిపిండి దొరికింది, అంబలి కాస్తున్నాను. ఇక్కడ ఆరాధన శుక్రవారం. తెలియక మొదటి ఆదివారం చీర కట్టుకుని బైబిలు పట్టుకుని కూర్చున్నాను. మీ బావ డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆ రోజు మాత్రం మీరంతా గుర్తొచ్చి కొంచెం ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

అసలు సంగతి వేరు. వచ్చేటప్పుడు టిక్కెట్టులో హైదరాబాద్‌లో ఎక్కేది పది, మస్కట్‌లో దిగేది పన్నెండు అని చూసి, రాయగడ నుంచి విశాఖపట్నం రైలు కంటే దగ్గరేనని అప్పుడు మేమున్న జేకేపూర్ కాలనీ అంతా చెప్పాను కదా. అది విని సునీత ఏమందో గుర్తుందా? "అయితే పెద్దమ్మా, నొప్పులు మొదలయ్యేక ఫోన్ సేస్తాను, వచ్చీ. నువ్వొస్తేనే ఆస్పత్రికి ఎల్తాను." నేనూ సరేనన్నాను.

మొన్న తిరుగు టిక్కెట్టు చూశాను. ఇక్కడ ఒంటిగంటకి ఎక్కితే అక్కడ ఆరింటికి దిగాలట. పోవడానికి రెండు, రావడానికి అయిదా! మీ బావ ఒకటే నవ్వు. "ఏటే, ఇమానం కూడా మన కొండల ఘాటీ రోడ్డు ఎక్కాలనుకున్నావా? రెండూళ్ళ గడియారాలకీ గంటన్నర తేడా!" రెండూ అయిదూ కలిపి సగం చేశాను. మూడున్నర గంటలు.

అదీ హైదరాబాద్ వరకే. రాత్రంతా అక్కడ కూర్చుని, పొద్దున్న విశాఖపట్నం విమానం, తర్వాత రాయగడ రైలు, ఆపైన మీ ఊరి బస్సు. ఈ ఇంటి తలుపు నుంచి మీ ఇంటి తలుపుకి ముప్పై గంటల పైమాటే. నొప్పులు మొదలయ్యాక పిలిస్తే నేనేం అందుకుంటాను?

అందుకని డాక్టరమ్మ చెప్పిన రోజుకి పన్నెండు రోజుల ముందే వస్తున్నాను. మీ బావ ఒప్పుకున్నారు. అన్నం వండుకోవడం నేర్పుతున్నాను, రెండుసార్లు మాడ్చేరు. నువ్వు పాత నూలు చీరలు ఉతికి ఎండబెట్టి ఉంచు.

ఒక్కమాట మాత్రం అమ్మికి గట్టిగా చెప్పు. నొప్పులు ముందే వస్తే నా కోసం ఒక్క నిమిషం ఆగొద్దు. బండి మాట్లాడి వెంటనే కోరాపుట్ ఆస్పత్రికి తీసుకెళ్ళు. నాకు ఫోన్ తర్వాత. పెద్దమ్మ మాట తప్పలేదు, తప్పు లెక్క మీద మాటిచ్చింది, అంతే అని చెప్పు.

మీ అత్తగారికి నా వందనాలు, నా ప్రయాణం కోసం ప్రార్థన చేయమను. సునీతకి ముద్దులు. బిడ్డ నాకంటే ముందే వచ్చేస్తే ఎత్తుకుని గుమ్మంలో నిలబడు. ఏమీ అనుకోను.

ప్రేమతో,
నీ అక్క
కరుణ