సాజియా ఫోన్ కలిసింది బుధవారమే

ప్రొద్దుటూరు, 28 జూన్ 2025

అమ్మీకి సలాం. ఫోన్లో ధైర్యం కోసం ఏదైనా చెప్తానని, నిజమైతే కార్డు మీద రాయమన్నావు. పదమూడున మొదలైన ఇరాన్ యుద్ధం ఇరవై నాలుగున ఆగింది. దోహాలో చెల్లి సాజియా క్షేమం. సోమవారం అక్కడి అమెరికా స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వచ్చినప్పుడు ఆమె పనిచేసే ఇంటావిడ బల్ల కింద దూరిందట. “నేను రొట్టెలు కాలుస్తాండా భాయ్, పొయ్యి ఆపేదానికి ఇంకెవురుండారు?” అని సాజియా నవ్వింది. డిసెంబరు దాకా రానంటోంది.

పులివెందులలో వాన పడిందా? బీపీ మాత్రలు మానొద్దు.

ఒక సవరణ. సాజియాతో మాట్లాడానని మంగళవారం నీకు చెప్పింది అబద్ధం. బుధవారం దాకా ఫోన్ కలవలేదు. మంగళవారం ఆ అబద్ధం విన్నాకే నువ్వు అన్నం తిన్నావని నీ దగ్గరున్న మెహతాబ్ భాభీ చెప్పింది.

దువాలో చెల్లి తర్వాత నన్నూ తలుచుకో.

నీ కొడుకు
ఇనాయతుల్లా