మగ్గం గుంతలు పూడ్చలేదు

చెల్లే రేణుకా,

నిన్ను బడి గడప దాటనీయనిది మన ఊరి పెద్దసారు. "కూసోరాని పిల్లకు సదువేంది?" అన్నాడు. అది అబద్ధం. నాయిన కాళ్లు దించి నేసే మగ్గం గుంతలో నీ కాళ్లు దించి, వీపు గోడకు ఆనిస్తే నువ్వు నిటారుగా కూర్చునేదానివి. వణికే చేత్తో పలక మీద సున్నలు చుట్టేదానివి.

నువ్వు పోయి ఏడాదైంది. ఇప్పుడు మగ్గాలు లేని మన నేత కొట్టంలోనే, మెదడు దెబ్బతిని ఒళ్లు నిలవని పిల్లలకు బడి పెడుతున్నాను.

నిన్న మేస్త్రీ మట్టి తెచ్చాడు. "గుంతలు పూడుస్త తమ్మీ, పిల్లలు పడ్తరు."

కోపంతో పార లాక్కున్నాను. బడి చూడటానికి ధరూర్ నుంచి బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చి ఉంది. ఆ పిల్ల షబానాను నీ గుంతలో కూర్చోబెట్టాను. వాలిన మెడ మెల్లగా లేచింది.

"నా బిడ్డ నా మొఖం సూస్తుంది భయ్యా!" అంది తల్లి.

పెంకుల సందుల్లోంచి దిగిన ఎండలో పట్టు నూగు ఇంకా తేలుతోంది. ఆ వెలుగులో షబానా నవ్వితే నీ నవ్వే వినబడింది. మేస్త్రీ మట్టి వెనక్కి మోసుకుపోయాడు.

ఊరంతా కరపత్రాలు పంచాను, పెద్దసారుకు కూడా: "సోమవారం పొద్దున తొమ్మిదింటికి, కూర్చోలేని పిల్లలను ఎత్తుకుని మా కొట్టానికి రండి."

నువ్వు జర ముందే రా, చెల్లే.