ఎడమ తలుపు లాకు

విజయవాడ,
12-1-76

చి. తెరేసకు,

నేను కులాసాగానే ఉన్నాను. వంట చేసుకుంటున్నాను, దిగులు పడకు.

నిన్న ఆటోనగర్‌లో రెండు పికప్ వ్యాన్లు చూశాను. ఒకటి కొత్తగా రంగు వేసింది. రెండోది, నువ్వు పుట్టకముందు మాకుండిన బండి లాంటిదే. అదే గుండ్రటి ముక్కు, అదే బెంచీ సీటు. మెకానిక్ జక్కయ్య, "రంగుబండి తీసుకోండి అంతోనిగారూ, ఆ ముసలిది మీకంటే ఎక్కువ దగ్గుతుంది" అన్నాడు. అయినా పాతదాన్నే కంకిపాడు రోడ్డు మీదికి తోలాను. మొదటి మలుపులోనే నా ఎడమచెయ్యి దానంతటదే జక్కయ్యకు అడ్డంగా వెళ్లి అవతలి తలుపు పట్టుకుంది. "లాకు గట్టిదేనండీ, నేను పడను" అని నవ్వాడు.

మా బండికి ఆ లాకు నిలిచేది కాదు. ప్రతి మలుపులో మీ అమ్మకు అడ్డంగా చెయ్యి పెట్టి తోలేవాణ్ణి. బాగు చేయిస్తానంటూనే బండి అమ్మేశాను. గుణదల తిరునాళ్ళ దాకా ఉంచమని ఆమె ఒక్కసారి అడిగింది. ఉంచలేదు. ఆ ఏడు బస్సులో నిలబడి వెళ్లింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పాతదే తీసుకున్నాను.

బాబుకి జ్వరం తగ్గిందా? అమ్మ జపమాల నీ దగ్గరుంటే తీసి ఉంచు. తిరునాళ్ళకు మైలవరం వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటాను. అల్లుడుగారు పిల్లలతో వెనక కూర్చోవాలి, ఏమీ అనుకోవద్దని చెప్పు. ముందు సీటు నీది. లాకు గట్టిదే, నేను చూశాను. అయినా మలుపుల్లో నా చెయ్యి అడ్డం వస్తుందేమో.

మరియమాత మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ నాన్న,
అంతోని