నీ చామంతులు

వదినా,

మల్లెలు పూసినన్నాళ్లూ మన గుడివాడ వీధిలో ఎవరూ నీ మాట ఎత్తలేదు. ఆ మల్లె నేను నాటిందే కదా. వానలు తగ్గి అది మొగ్గ తొడగడం మానేసరికి, పచ్చచామంతులు విరగబూశాయి. నువ్వు పోయాక నీ పెరట్లోంచి పిలకలు తెచ్చి నాటింది నేనే. ఎండలకు తాటాకులు అడ్డం పెట్టి, బిందెలతో నీళ్లు మోసిందీ నేనే.

ఆదివారం ఒక గుత్తి చర్చికి పట్టుకెళ్లాను. పాస్టరమ్మగారు చూడగానే, "మీ వదినగారి పూలు వచ్చేశాయే!" అన్నారు.

"నీళ్లు పోసింది నేనండీ," అన్నాను.

"మీరేలెండి. చెయ్యి మాత్రం ఆవిడది," అని నవ్వారు.

నీ తమ్ముడూ అంతే. అరుగు మీద కూర్చుని ఆ మొక్కలకేసే చూస్తుంటారు. నా మల్లెల్ని ఒక్కనాడూ అలా చూడలేదు. పోయినదాని మీద అసూయేమిటని సిగ్గేసింది కానీ, తగ్గలేదు.

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. నీ సమాధికి బజారులో బంతిదండ కొన్నాను. చామంతులన్నీ కోసి, మాల కట్టి, జడలో పెట్టుకున్నాను.

"అదేంటీ, అక్క పూలు..." అంటూ ఆయన ఆగిపోయారు.

"నావండీ," అన్నాను.

సమాధుల తోట దాకా ఆయన నా వెనకే నడిచారు. చూస్తున్నది నన్నో, నిన్నో అడగలేదు.