యాదగిరి వాళ్లమ్మ పుంటికూర

తార్నాక గది, 1968 మే, గురువారం రాత్రి

యూనివర్సిటీ ల్యాబులో నాతోపాటు వేసవి ట్రైనింగ్ చేస్తున్న యాదగిరి రోజూ మెట్టుగూడ నుంచి ఇంటి క్యారియర్‌తో వస్తాడు. "పొద్దుగాల్నే లేపుతది మా అమ్మ, పరేషాన్" అని విసుక్కుంటాడు. ఈ గదిలో నన్ను లేపేవాళ్లే లేరు. వాడి విసుగు వింటే ఒళ్లు మండుతుంది.

ఇవాళ ఒక గిన్నె నా ముందుకు తోశాడు.

"పుంటికూర. మీ గుంటూరోళ్ల గోంగూరనే. నీ కోసమే చేసింది అమ్మ."

మా అమ్మ చేసే గోంగూర కన్నా బాగుంది. అదే భరించలేకపోయాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

వాడు నొచ్చుకోనైనా లేదు. "అట్లనా? అమ్మకు చెప్త, రేపు మళ్ల చేస్తది" అన్నాడు.

పాపం, ఆవిడ నా మాట నమ్మి ఇంకాస్త ఉప్పు వేస్తుంది. రేపు ఆ గిన్నె ఖాళీ చేసి, ఇప్పుడు సరిగ్గా కుదిరిందని చెప్పాలి నేను.